టీచరమ్మ ఊ అంటేనే కరెంటు

తుఫాను వెలిసిన పొద్దున, మదనపల్లెలో ఒక సందు మొదట్లో, ఎలక్ట్రిక్ సూపర్‌వైజర్ ముక్తియార్‌ను ఒక చీర అడ్డగించింది.

చీరంటే ఎవరో కట్టుకున్నది కాదు. రెండు పాత చీరలు ముడేసి, ఈ పక్క అరుగు కంబానికీ ఆ పక్క వేపచెట్టుకూ వీధికడ్డంగా కట్టారు. దానవతల విరిగిన కరెంటు స్తంభం గోడకు ఆనుకొని ఉంది. దాని తీగలు బురదలో పడున్నాయి. చీరకివతల ఊచలు విరిగిన గొడుగు పట్టుకొని, బురఖా ముసుగు నెత్తిమీదికి మడుచుకొని ఒక అమ్మాయి నిలబడి ఉంది.

"ఇట్ల పోకూడదు," అంది.

"నేను పోవచ్చులే," అంటూ ముక్తియార్ చీర ఎత్తబోయాడు.

"చీర ఇడువప్పా. తీగ తెగి పడుండాది, కనపడలేదా?"

"దాన్ని సూసేదానికే వచ్చిండాను. కరెంటాఫీసులో సూపర్‌వైజర్ని."

ఆమె అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. తడిసి ముద్దయిన ఖాకీ నిక్కరు. ఒక కాలికే చెప్పు, రెండోది బాహుదా ఏట్లో కొట్టుకుపోయింది. జుట్టులో చింతాకు.

"పొద్దుట్నించీ వచ్చినోళ్ళంతా ఏదో ఒక ఆఫీసు పేరే చెప్తాండారు. ఒకాయన తాసీల్దారు బావమరిదినన్నాడు. తీగకు బావమరదులు తెలుస్తారా?"

ముక్తియార్‌కు నవ్వూ వచ్చింది, పౌరుషమూ వచ్చింది. "అమ్మా, గాలి మొదలైనప్పుడే పవర్‌హౌసులో ఇంజను ఆపించినాను. ఈ తీగలో కరెంటు లేదు. కావాలంటే చేత్తో పట్టుకొని సూపిస్తా."

చీర దాటి వెళ్ళి, తీగను గుప్పిట పట్టుకొని, మ్యాజిక్ చేసినవాడిలా వెనక్కి తిరిగాడు. అరుగుల మీద నిలబడి చూస్తున్న జనం ఓహో అన్నారు. మజ్జిగమ్మే గౌరమ్మ అయితే కుండ నెత్తికెత్తుకొని, చీర కింద దూరి, తీగను దాటుకొని చక్కా పోయింది.

అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"సూసినారు కదా. మీరు పట్టుకున్నారు, ఏమీ కాలేదని వీధంతా సూసింది. రేపు మీరు ఇంజను పెడతారు. ఆ పొద్దు కూడా ఈ తీగ ఇట్లే పడుంటే, గౌరమ్మ ఇట్లే దాటుతుంది. అప్పుడెట్ల?"

ముక్తియార్ గుప్పిట నెమ్మదిగా విప్పాడు. మద్రాసులో చదివిన చదువులో ఈ లెక్క లేదు. బురదలో నడుచుకుంటూ తిరిగొచ్చి, చీరకు ఇవతల నిలబడి, జారిన ముడి ఒకటి బిగించాడు.

"మీ పేరు?"

"ఆబిదా. ఆడపిల్లల బళ్ళో టీచర్ని."

"నా పేరు ముక్తియార్."

"అడగలేదే," అంది ఆమె.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది దాటింది కానీ, యుద్ధం మింగిన రాగి తీగ ఇంకా బజారుకు రాలేదు. స్టోరు గదిలో ఉన్న తీగ ఒక వీధికి కూడా చాలదు. ఊరి స్తంభాలేమో సగానికి సగం నేలపాలు. అంతకంటే పెద్ద చిక్కు నీళ్ళది. బాహుదా ఏరు పొంగి ఊళ్ళో బావులన్నిట్లో ఎర్రమన్ను కలిసిపోయింది. మంచి నీళ్ళున్నది పంపుబావి ఒక్కదాంట్లోనే. ఆ పంపు నడవాలంటే కరెంటు కావాలి. బావుల నీళ్ళు ఇట్లే తాగితే వాంతిభేది తప్పదని ఆసుపత్రి డాక్టరు చెప్పేశాడు.

కొత్త తీగ బెంగుళూరు నుంచి రైల్లో కుప్పం దాకా వచ్చి, అక్కడి స్టేషన్లో పడుంది. వెళ్ళి తెచ్చుకోవాలి. వెళ్ళేముందు ముక్తియార్ ఆబిదా ఇల్లు వెతుక్కుంటూ పోయాడు. ఇల్లు దొరకలేదు కానీ అంగడి దొరికింది. దాని నిండా లాంతర్లు, బుడ్లు, గాజు చిమ్నీలు. మధ్యలో ఆమె తండ్రి సిరాజుద్దీన్.

"ఓహో, కరెంటాయన నువ్వేనా," అన్నాడు సిరాజుద్దీన్ కళ్ళద్దాలు సర్దుకుంటూ. "ఈ ఊరికి నీ కరెంటు వచ్చినాక నా లాంతర్లకు తుప్పు పట్టింది. ఇప్పుడు నీ కరెంటు పొయ్యింది, నా అంగడి కిటకిటలాడతాండాది. ఎవురి దువానో, ఎవురి మొక్కో మరి. యాల వచ్చినావు?"

"మీ అమ్మాయితో మాట్లాడాలని."

సిరాజుద్దీన్ కళ్ళద్దాలు మళ్ళీ సర్దుకున్నాడు. ఈసారి వేరే రకంగా.

"కరెంటు గురించి," అని ముక్తియార్ తొందరగా కలిపాడు.

లోపల్నుంచి గాజుల చప్పుడుతో ఆబిదా వచ్చి తలుపు పక్కన నిలబడింది.

"పొద్దున మీరన్నది నిజం," అన్నాడు ముక్తియార్. "నేను తీగ తెస్తాను, కడతాను. కానీ ఏ ఇంటి పెరట్లో ఏ తీగ పడుండాదో నాకు తెలీదు. మగోన్ని, పెరట్లోకి రానీరు. మీ బళ్ళో పిల్లోళ్ళు ప్రతి వీధిలోనూ ఉండారు. వాళ్ళ అమ్మలకు మీ మాటంటే గురి. వీధి వీధిలో ఆడోళ్ళు ఇల్లిల్లూ తిరిగి, తీగలన్నీ సూసి, ఊ అనాల. ప్రతి వీధికీ మొదటి స్తంభం మీద ఒక ఫ్యూజు ఉంటాది. అన్నీ పీకేసి పోతాను. మీరు ఊ అన్నాకే ఆ వీధి ఫ్యూజు పెడతా."

"ఊ అనకపోతే?"

"పెట్టను."

"కలెక్టరు చెప్పినా?"

"కలెక్టరు బావమరిది చెప్పినా."

ఆబిదా నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. సిరాజుద్దీన్ ఆ నవ్వును విన్నాడు. ఏదో గొణుక్కుంటూ, తెగిన తీగలున్న చోటల్లా పొద్దుగూకితే వేలాడదీయమని లాంతర్లు కొన్ని దించి కూతురి ముందు పెట్టాడు. "ఊరికే ఇయ్యడంలా. మళ్ళీ తుడిచి తెచ్చియ్యాల," అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు ముక్తియార్ గడప దగ్గర ఆగాడు. "రేపు సాయంత్రానికి వచ్చేస్తా."

"ఎప్పుడొస్తారని అడగలేదు."

"అడక్కపోయినా చెప్తాండా."

పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బొగ్గు బస్సు, ముక్తియార్‌ను ఎక్కించుకొని, వెనక పొయ్యి రాజేసి, దగ్గి దగ్గి బయల్దేరింది. అది మలుపు తిరిగేదాకా ఆబిదా పిల్లల పలకలు సర్దుతున్నట్టు బడి కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఆ పూట బడికి పిల్లలెవరూ రాలేదు.

మరుసటి సాయంత్రం ముక్తియార్ రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు.

ఆబిదా మాత్రం ఆగలేదు. గౌరమ్మకు ముందు చివాట్లు పెట్టి, తర్వాత ఆమెనే సందుకు పెద్దను చేసింది. మజ్జిగ ఏ ఇంటికి ఎంత పోసేదీ తెలిసిన మనిషికి ఏ పెరట్లో ఏముందో తెలీకుండా పోదు. వీధికొకరు చొప్పున ఆడవాళ్ళు కదిలారు. పెళ్ళిళ్ళకు బిర్యాని వండే రాగి దేగ్శాలు మసీదు నుంచి తెప్పించి, వీధి మొగదల పొయ్యిలు పెట్టి, బావి నీళ్ళు కాచి కాచి పోశారు. అయినా కట్టెలు తడి, నోళ్ళు ఎక్కువ. నేతగాళ్ళ వీధిలో మునెమ్మ కూతురికి వాంతులు పట్టుకున్నాయి.

ఆ కబురు వచ్చిన పొద్దునే పుంగనూరు నుంచి వచ్చిన బండివాడు ఒకడు ఇంకో కబురు తెచ్చాడు.

"మీ సూపర్‌వైజరా? పుంగనూర్లో వాళ్ళమ్మ అజీజాబీ ఇంట్లో సూసినా. ఆయనకు ఆడ పెళ్ళిసూపులంట కదా. ఇంటి ముందర సున్నం గూడా కొట్టిండారు."

ఆబిదా చేతిలో నీళ్ళ చెంబు ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టింది. "మంచిదే," అంది. తర్వాత దేగ్శా కింద ఇంకో కట్టె ఎగదోసింది. రోషం వస్తే బాగుండేది. రోషం కూడా రాలేదు. అడగని మాటలు అన్నీ చెప్పి పోయినోడు, ఈ ఒక్క మాట చెప్పి ఉండకూడదా అనుకుంది.

మధ్యాహ్నానికి పవర్‌హౌస్ దగ్గర గుంపు చేరింది. ముందర రైసుమిల్లు గంగులప్ప. ఇంజను చూసుకునే కృష్ణప్ప తలుపు దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"పంపు లైను మా మనుషులు కంచె తీగతో అతికించినారు," అన్నాడు గంగులప్ప. "ఇంజను పెట్టు కృష్ణప్పా. ఈ రెండు లైన్లకూ వీధి ఫ్యూజుల్లేవు, ఇంజను పెడితే నేరుగా పంపూ తిరుగుతాది, నా మిల్లూ తిరుగుతాది."

"సూపర్‌వైజరు రాకుండా వద్దన్నాడప్పా."

"ఆయన రాడు. మునెమ్మ బిడ్డకు వాంతులు పట్టుకున్నాయని తెలుసా నీకు?"

కృష్ణప్ప లోపలికి తిరిగాడు. అప్పటికే ఆబిదా వచ్చి తలుపుకడ్డంగా గడప మీద కూర్చుంది. ఆమె వెనకే గౌరమ్మ, ఇంకా పదిమంది ఆడవాళ్ళు.

గంగులప్పకు కోపం తన్నుకొచ్చింది. "అమ్మా, నువ్వు ఎవురి కోసరం కాపలా కాస్తాండావో తెలుసా? ఆయన పుంగనూర్లో పెళ్ళికూతుర్ని సూసుకుంటాండాడు."

ఆబిదా తల ఎత్తింది.

"సూసుకోనీయండి. నేను ఆయన కోసరం కూర్చోలేదు. పంపు లైను అతికిచ్చిన కంచె తీగ నేతగాళ్ళ వీధిలో మనిషి ఎత్తుకు వేలాడతాండాది. మిల్లు లైను ఇంకా సూడనే లేదు. ఆయన మాట తప్పితే తప్పనీ. తీగ మాత్రం ఇంకా కిందే ఉండాది."

గంగులప్ప నోరు తెరిచాడు. ఆ మునెమ్మే గుంపులోంచి ముందుకొచ్చింది. రాత్రంతా నిద్రలేని కళ్ళు. అందరూ ఆమె ఇంజను పెట్టమంటుందనే అనుకున్నారు.

"బిడ్డకు టీచరమ్మ కాచిన నీళ్ళు పోస్తాండా. పొద్దుట్నుంచి వాంతి లేదు," అంది మునెమ్మ. "ఆ కంచె తీగ మా వాకిట్లోనే పోతాండాది. నాకు ఇంకో ఇద్దరు పిల్లోళ్ళు ఉండారు." అని ఆబిదా పక్కన గడప మీద కూర్చుంది.

అప్పుడే రోడ్డు మీద దగ్గు వినిపించింది. మనిషి దగ్గు కాదు, బొగ్గు బస్సు దగ్గు.

బస్సు పైన రాగి తీగ చుట్టలు ఎండకు బంగారంలా మెరుస్తున్నాయి. వాటి మధ్యలో, రెండు కాళ్ళకూ చెప్పుల్లేకుండా, భుజాల మీద తాళ్ళు ఒరుసుకుపోయిన ఎర్రటి చారలతో ముక్తియార్. బస్సు వెనక సదుం నుంచి వచ్చిన రైతులు, ఎద్దుల బండ్ల మీద కొత్త స్తంభాలు.

గుంపు పెద్దగా అరిచింది. మిల్లు మనుషులు కూడా అరిచారు.

ముక్తియార్ బస్సు దిగి నేరుగా గడప దగ్గరికి వచ్చాడు. "పలమనేరు దగ్గర ఏరు రోడ్డు మీద పోతాండాది. బస్సు దాటలేక ఈ ఒడ్డునే ఆగింది. తీగ చుట్టలు భుజాల మీద మోసి దాటించినాం. పుంగనూర్లో మనుషుల కోసరం ఆగినా. సదుం రైతులు నా మాట మీద వచ్చినారు."

"పెళ్ళికూతురు బాగుండాదా?" అని అడిగింది ఆబిదా.

"ఎవురు?"

"పుంగనూర్లో."

ముక్తియార్ తల గోక్కున్నాడు. జవాబు బస్సులోంచి వచ్చింది. ఒక పెద్దామె, తమలపాకుల పెట్టె చంకలో పెట్టుకొని, మెల్లగా మెట్లు దిగుతూ అంది:

"పెళ్ళికూతురు బాగానే ఉండాది తల్లీ. సూసేవోడే లేడు. వాళ్ళు వచ్చి కూర్చొనుంటే వీడు వాకిట్లోనుంచే మనుషుల్ని పోగుచేసుకొని పొయ్యినాడు. ఇంతకూ ఆ మదనపల్లెలో ఏముండాది బేటా అంటే, తీగ తెగిందమ్మీ అంటాడు. ఏం తీగో నా కండ్లతో సూద్దామని వచ్చినా." అజీజాబీ గడప మీద కూర్చున్న ఆబిదాను, ఆమె బురదకొట్టుకున్న బురఖా అంచును, చుట్టూ ఉన్న ఆడవాళ్ళను తీరిగ్గా చూసింది. కొడుకు వైపు తిరిగింది. "ఈమేనా?"

ముక్తియార్ చెవులు రాగి తీగకంటే ఎర్రబడ్డాయి. "అమ్మీ, పని ఉండాది," అని నిచ్చెన ఎత్తుకొని పారిపోయాడు.

ఆబిదా ఈసారి నవ్వు ఆపుకోవాలని కూడా చూడలేదు.

ఆ తర్వాత ఊరు ఊరంతా పనిలో పడింది. కంచె తీగ పీకి పారేసి పంపు లైనుకు కొత్త తీగ లాగారు. కృష్ణప్ప ఇంజను పెట్టాడు. పంపు మొదట గాలి కక్కింది, తర్వాత మన్ను కక్కింది, తర్వాత తేటనీళ్ళు ధారగా పడ్డాయి. గౌరమ్మ మొదటి బిందె పట్టి, ఆ బిందెను నేరుగా ఆసుపత్రికి మోసుకుపోయింది.

అక్కడినుంచి నాలుగైదు రోజులు వీధి తర్వాత వీధి. ఆడవాళ్ళు ఇళ్ళన్నీ తిరిగొచ్చి ఆబిదాకు చెప్పేవారు. ఆమె ఇంకొకసారి తిరిగి, స్తంభం కిందికి వచ్చి ఊ అనేది. పైన ముక్తియార్ ఫ్యూజు పెట్టేవాడు. వీధి వెలిగేది. ఊ అనడానికి ఆమె ఎంత సేపు తీసుకున్నా అతను నిచ్చెన మీద కదలకుండా నిలబడేవాడు.

"కాళ్ళు పీకలేదా?" అంది ఒకచోట.

"పీకుతాండాయి. మీరు నిదానంగా సూడండి."

గంగులప్ప వీధికొచ్చేసరికి ఆయనే ఎదురొచ్చి, "మా ఇల్లు సూసేది ఏముండాదమ్మా, పక్కా మిద్దె," అన్నాడు. ఆబిదా పెరట్లోకి పోయింది. తెగిన తీగ ఒకటి గోడ మీదుగా పడి ఉంటే, పనిమనిషి దాన్ని జామచెట్టుకు లాగి కట్టి బట్టలు ఆరేసింది. రెండో కొస ఇంకా స్తంభానికే ఉంది. తీగ మీద వరసగా పసిబిడ్డ చొక్కాలు. గంగులప్ప మనవడివి.

ఆబిదా గంగులప్పను పిలిచి చూపించింది, అంతే. ఆయన ఆ చొక్కాల వైపు చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, మిల్లు కూలీలందర్నీ పిలిచి, "ఈయమ్మ ఎట్ల చెప్తే అట్ల చెయ్యండిరా," అని, ముక్తియార్ నిచ్చెన ఒక కొసకు తానే భుజం పట్టాడు.

ఆ సాయంత్రం సిరాజుద్దీన్ అంగడి ముందు అజీజాబీ బెంచీ మీద కూర్చొని తమలపాకు చుట్టింది.

"భాయ్, మావాడికి మీ అమ్మాయినియ్యండి."

"మీవాడు నా యాపారం మీద కొట్టేవాడమ్మా."

"అందుకే అడుగుతాండా. అల్లుడైతే ఇంట్లోవాడు కొట్టినట్టు ఉంటాది. పరాయోడు కొడితేనే నొప్పి."

సిరాజుద్దీన్ గడ్డం దువ్వుకొని దువ్వుకొని, చివరికి నవ్వేశాడు. "ఏరు మోకాటిలోతు కాదు, రొమ్ములోతు పోతాంటే తీగ మోసినాడంట. బస్సోళ్ళు చెప్పినారు. నాకేం అడ్డం లేదు. కానీ ఆ పిల్ల తల్లిలేని పిల్ల. దాని మాట మీదే ఈ ఇల్లు నడుస్తాండాది. దాన్నే అడగండి."

ఆబిదా తలుపు వెనకనుంచే జవాబు చెప్పింది. "ఇంకా నేతగాళ్ళ వీధి చీకట్లో ఉండాది. అది వెలిగినాక మాట్లాడుకుందాం. ఇంకొకటి. పెళ్ళైనా నేను బడి మానను."

"మానమని ఎవురన్నారు తల్లీ," అంది అజీజాబీ. "వీడు స్తంభాలెక్కుతాంటే నువ్వు ఇంట్లో కూర్చొని ఏం చేస్తావు?"

మర్నాడు పొద్దు వాలే వేళకు నేతగాళ్ళ వీధి మొదట్లో ఊరంతా చేరింది. వీధి పొడుగునా మగ్గాల గుంటలు, వాటిలో మొన్నటిదాకా నీళ్ళు. ఆబిదా ఆ చివరనుంచి ఒక్కొక్క ఇల్లూ చూసుకుంటూ వచ్చింది. మునెమ్మ వాకిట్లో కూతురు గోడకానుకొని కూర్చొని గంజి తాగుతోంది. బుగ్గలు పీక్కుపోయాయి గానీ కళ్ళలో వెలుగొచ్చింది. ఆబిదా ఆ పిల్ల తల నిమిరి, స్తంభం కిందికి వచ్చింది. సన్నగా వాన తుంపర మొదలైంది.

పైన ముక్తియార్ ఫ్యూజు చేత్తో పట్టుకొని ఉన్నాడు. గొంతు తగ్గించి, కిందికి వంగి అన్నాడు: "అమ్మ మీ ఇంటికొచ్చింది కదా."

"వచ్చింది."

"నాకు చెప్పకుండానే వచ్చింది. కానీ తప్పు చేయలేదు. నేనే రావాలనుకున్నా. ఏట్లో తీగ మోస్తాంటే, ఒడ్డు చేరితే ఇది చెప్పాలనుకున్నా. ఆ పొద్దు మీరు ఆ చీర కట్టి నిలబడకపోయింటే, ఈ ఊళ్ళో ఎవురో ఒకరు నా వల్ల పోయుండేవాళ్ళు. ఇకమీద నేను ఏ స్తంభమెక్కినా కింద మీరుండాల. మీకిష్టమైతేనే."

ఆబిదా వీధి ఆ చివరిదాకా మళ్ళీ ఒకసారి చూసింది. ప్రతి వాకిలీ, ప్రతి గోడా. తుంపర ఆమె కనురెప్పల మీద పడుతోంది. జనమంతా కరెంటు కోసం ఎదురుచూస్తున్నారు. పైనున్నవాడు దేనికోసం ఎదురుచూస్తున్నాడో ఒక్క ఆబిదాకే తెలుసు.

"ఊ," అంది.

ముక్తియార్ చెయ్యి ఆగిపోయింది. "ఇది వీధికా? నాకా?"

"ఇద్దరికీ. ముందు నువ్వు వీధికి పెట్టు, జనం సూస్తాండారు."

అతను ఫ్యూజు పెట్టాడు. నేతగాళ్ళ వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక్కసారిగా వెలిగింది. ఎవరో ఈల వేశారు. మునెమ్మ ఇంట్లో మగ్గం టకటకమని మొదలైంది. దాని వెనకే పక్కింట్లో, ఆ పక్కింట్లో. తుఫాను వెళ్ళిపోయిన ఆ ఊళ్ళో, కరెంటు తగిలి ఒక్క ప్రాణమైనా పోకుండా, చివరి వీధి కూడా వెలుగులోకి వచ్చింది. ముక్తియార్ నిచ్చెన దిగి వస్తుంటే, మొట్టమొదటిసారి తనను 'నువ్వు' అని ఆమె పిలిచిన సంగతి అప్పుడు తట్టి, చివరి మెట్టు మీద అట్లే నిలబడిపోయాడు.